వెయ్యి గజాల గురికి ఏ రైఫిల్, ఏ తూటా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో కాల్చడం తప్ప నాకు తుపాకి అనుభవం లేదు. మా అన్నయ్య పదిహేనేళ్లుగా అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటున్నాడు, గ్రీన్‌కార్డు ఉంది. వాళ్ల ప్రాంతంలో జరిగే వెయ్యి గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే) పోటీ చూసి వచ్చి, తనూ అందులో చేరతానంటున్నాడు. పెద్ద తూటా అయితేనే గాలికి కదలదని స్నేహితులు చెప్పడంతో .300 విన్చెస్టర్ మాగ్నం కొనాలని ఉంది అతనికి. చవకగా, ఎక్కడైనా దొరికే .308 మేలని నా ఉద్దేశం. మేమిద్దరం దీని మీద ప్రతి ఆదివారం ఫోనులో వాదించుకుంటున్నాము. వచ్చే వేసవిలో విజిటర్ వీసా మీద రెండు నెలలు అక్కడికి వెళ్తున్నాను. అప్పుడు నేనూ కాల్చాలనుకుంటున్నాను. తరువాత ఆ రైఫిల్‌ను ఇక్కడికి తెచ్చుకొని మా చేలల్లో సాధన చేయడం కుదురుతుందా? మా మామయ్యగారి దగ్గర లైసెన్సున్న .315 ఉంది, దానితో సరిపెట్టుకోమంటున్నారు. మీ సలహా కోరుతున్నాను.

సమాధానం: ముందుగా సూటిగా సమాధానాలు చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. మీ అన్నయ్యగారు తన తూటాలను తానే కూర్చుకోవడానికి, అంటే ఇత్తడి కేసులో మందు నింపి గుండు బిగించుకోవడానికి, సిద్ధపడితే 6 మి.మీ. బీఆర్ నార్మా తూటాకు గాని, దాని నుంచే పుట్టిన 6 డాషర్‌కు గాని సరిపడే రైఫిల్ తీసుకోవాలి. అంత ఓపిక, తీరిక లేకపోతే దుకాణంలో పెట్టెలుగా దొరికే 6.5 క్రీడ్‌మూర్ తీసుకోవాలి. మొదటి రైఫిల్‌గా .300 మాగ్నం వద్దు. .308 తప్పు కాదు గాని, వెయ్యి గజాలకు అది అంచున నిలబడే తూటా. ఆ రైఫిల్ పాలకొల్లుకు రాదు. రప్పించే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. మీరు ఇక్కడ .177 ఎయిర్ రైఫిల్‌ను బల్ల మీద పెట్టుకొని గాలిని చదవడం నేర్చుకోండి. ఈ చివరి మాట మిమ్మల్ని నిరాశపరచవచ్చు గాని, ఈ ఉత్తరంలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మి చెబుతున్నది అదే.

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. రాజమహేంద్రవరంలో పాత హేవ్‌లాక్ వంతెన ఒక చివర నిలబడి చూస్తే దాని పొడవులో దాదాపు మూడో వంతు దూరం అది. ఆ దూరంలో పెట్టిన కాగితం మీద అయిదు గుండ్లు కాల్చి, వాటిలో ఒకదానికొకటి అన్నిటికంటే ఎడంగా పడిన రెండింటి మధ్య దూరాన్ని, కేంద్రం నుంచి కేంద్రానికి కొలుస్తారు. ఆ కొలతనే గ్రూప్ అంటారు. రైఫిల్ ముందు భాగం బరువైన స్టాండు మీద, వెనక భాగం ఇసుక సంచి మీద ఆని ఉంటుంది. కాల్చేవాడి భుజం వణుకు, ఊపిరి, మోచేయి బలం ఇవన్నీ చాలావరకు లెక్కలోంచి తప్పుకుంటాయి. మిగిలేవి మూడే: రైఫిల్, తూటా, గాలి. మొదటి రెండింటినీ డబ్బుతోనూ ఓపికతోనూ సరిచేసుకోవచ్చు. మూడోది ఎవరి మాటా వినదు. అందుచేత తూటాను ఎంచుకోవడమంటే గాలితో ఎలాంటి ఒప్పందం చేసుకుంటామో నిర్ణయించుకోవడమే.

గాలి గుండును ఎలా తోస్తుందో మీ అన్నదమ్ములిద్దరూ కొంచెం కూర్చొని అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మీ వాదమంతా దీని చుట్టూనే తిరుగుతోంది. బరువైన గుండు కదలదని, తేలికైనది కొట్టుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. గాలి నిరోధం వల్ల గుండు ఎంత ఆలస్యమయిందో, ఆ ఆలస్యాన్ని బట్టే అది పక్కకు జరుగుతుంది. .308 నుంచి 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) గుండు సెకనుకు సుమారు 2600 అడుగుల వేగంతో బయలుదేరిందనుకోండి. దారిలో గాలే లేకపోతే మూడు వేల అడుగులు దాటడానికి దానికి 1.15 సెకన్లు చాలు. నిజంగా పట్టేది సుమారు 1.65 సెకన్లు. ఆ తేడా అర సెకను. గంటకు 10 మైళ్ల అడ్డగాలి సెకనుకు 14.67 అడుగులు నడుస్తుంది, కాబట్టి అర సెకనులో ఏడడుగులకు పైగా. గుండు పక్కకు జరిగేది కూడా దాదాపు అంతే, ఏడు ఏడున్నర అడుగులు. ఈ చిన్న లెక్క చేతిలో ఉంటే అంగడివాడు చెప్పే మాటల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. సన్నగా, పొడవుగా, గాలిని చక్కగా కోసుకుపోయే గుండు తక్కువ ఆలస్యమవుతుంది. అది 105 గ్రెయిన్లదైనా సరే, మొద్దుగా ఉన్న 175 గ్రెయిన్లదాని కంటే తక్కువ జరుగుతుంది.

అదే దూరంలో, అదే గాలిలో, సెకనుకు 2850 అడుగుల వేగంతో వెళ్లే 6 మి.మీ. 105 గ్రెయిన్ల గుండు సుమారు ఆరుంపావు అడుగులు జరుగుతుంది. 7 మి.మీ. 180 గ్రెయిన్లది గాని, .300 మాగ్నం నుంచి వెళ్లే రెండు వందల గ్రెయిన్ల పొడవాటి గుండు గాని అయిదడుగుల దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడ మీ అన్నయ్యగారి స్నేహితుల మాటలో నిజం ఉందని ఒప్పుకోవాలి. గాలి అంచనాలో గంటకు ఒక మైలు పొరపాటు పడితే .308తో తొమ్మిది అంగుళాలు, 6 మి.మీ.తో ఏడున్నర, పెద్ద మాగ్నంతో ఆరు అంగుళాలు తప్పుతుంది. కాగితం మీద చూస్తే మాగ్నమే గెలవాలి.

చరిత్రలో చాలాకాలం గెలిచింది కూడా. మీ అన్నయ్యగారు ఉంటున్న రాష్ట్రంలోనే, విలియమ్స్‌పోర్ట్ ప్రాంతంలో, 1967లో మొదలైన క్లబ్బుతోనే వెయ్యి గజాల బెంచ్‌రెస్ట్ ఒక పద్ధతిగా స్థిరపడింది. అక్కడ మొదటి దశాబ్దాల్లో పెద్ద మాగ్నం కేసులదే పైచేయి. 2007లో ఒహాయోలో టామ్ సార్వర్ వెయ్యి గజాల వద్ద అయిదు గుండ్లను 1.403 అంగుళాల గ్రూపులో కూర్చినప్పుడు వాడింది .30 క్యాలిబర్ పెద్ద తూటాయే. అంటే పెద్ద తూటాతో గురి కుదరదని నేను చెప్పడం లేదు. దానితో గురి కుదరాలంటే ఏమేం కావాలో, అవి మొదటి రెండేళ్లలో మీ అన్నయ్యగారికి అందుబాటులో ఉంటాయా అన్నదే నా ప్రశ్న.

తుపాకి తన్ను సంగతి చూడండి. 6 బీఆర్‌లో పట్టే మందు సుమారు 30 గ్రెయిన్లు; .300 మాగ్నంలో సుమారు 70. గుండు బరువు రెట్టింపు. ఒకే బరువున్న రైఫిల్‌లో లెక్క కడితే మాగ్నం వెనక్కి తన్నే శక్తి దాదాపు నాలుగింతలు. భుజం నొప్పి ఒక్కటే అయితే మెత్త పెట్టుకొని ఓర్చుకోవచ్చు. అసలు నష్టం సంచుల మీద జరుగుతుంది. గుండు గొట్టం దాటే లోపలే రైఫిల్ వెనక్కి కదలడం మొదలవుతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటేనే గుండ్లు ఒకచోట పడతాయి. తన్ను ఎక్కువైన కొద్దీ భుజం ఎంత ఆనించాం, సంచి ఎంత బిగువుగా ఉంది, చెంప ఎక్కడ పెట్టాం అన్న ప్రతి చిన్న తేడా పెద్దదై కాగితం మీద కనిపిస్తుంది.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అనుభవమున్న పోటీదారు గాలి ఒక తీరుగా నిలకడగా ఉన్న అర నిమిషాన్ని కనిపెట్టి, ఆ అర నిమిషంలోనే అయిదు గుండ్లూ వదిలేస్తాడు. గాలి మారేలోపు పని ముగించుకుంటాడు. 6 బీఆర్ రైఫిల్ సంచి మీద నూనె రాసిన పట్టాల మీద జారినట్టు వెనక్కి జారి, ముందుకు నెడితే అదే చోటికి వస్తుంది. గురి చూసే టెలిస్కోపు అద్దంలో అడ్డగీత మళ్లీ దాదాపు అదే బిందువు మీద నిలుస్తుంది. మాగ్నం ప్రతిసారీ ఎగిరిపడి పక్కకు ఒరుగుతుంది; దాన్ని సర్ది, గురి కుదుర్చుకొనేసరికి గాలి తన పని తాను చేసేస్తుంది. ఒక్కో మైలు గాలికి ఒకటిన్నర అంగుళం లాభమని లెక్కలో తేలిన మాగ్నం, చేతిలో ఆ లాభాన్ని తిరిగి పోగొట్టుకుంటుంది. గత రెండు దశాబ్దాల్లో 6 బీఆర్, డాషర్ కుటుంబం 600 గజాల పోటీలను దాదాపుగా సొంతం చేసుకొని, వెయ్యి గజాల్లోనూ పెద్ద తూటాల సరసన నిలబడడానికి కారణం ఇదే.

బ్యారెల్ (తుపాకి గొట్టం) ఖర్చు కూడా తక్కువేమీ కాదు. లారీకి టైరు ఎలాంటిదో ఈ ఆటలో బ్యారెల్ అలాంటిది; అరిగిపోతుంది, మార్చుకోవాలి. ఎక్కువ మందు సన్నటి గొట్టంలోంచి పోతే గొట్టం మొదలు దగ్గరే ఉక్కు కాలి, పగుళ్లు పట్టి, గుండును తిప్పే లోపలి చాళ్ల అంచులు కరుగుతాయి. పోటీ స్థాయి గురిని .300 మాగ్నం బ్యారెల్ వెయ్యి పదిహేను వందల గుండ్ల దాకా నిలుపుతుంది. 6 బీఆర్ రెండున్నర వేల పైచిలుకు నిలుపుతుంది. .308 నాలుగైదు వేలు దాటినా పనిచేస్తుంది. నేర్చుకొనేవాడికి కావలసింది ఎక్కువ గుండ్లు కాల్చగలగడం. సాధన చేసేలోపే బ్యారెల్ అయిపోతే నేర్చుకొనేది ఎప్పుడు?

మీరు సమర్థిస్తున్న .308 గురించి ఇంతసేపు తక్కువ చెప్పానని అనుకోవద్దు. 1952లో వచ్చిన ఆ తూటా ఎంతో మందిని షూటర్లను చేసింది. చవక, నమ్మకం, ఎక్కువ మన్నిక. 300, 600 గజాల దాకా దానికి వంక పెట్టలేము. కాని వెయ్యి గజాలు చేరేసరికి 175 గ్రెయిన్ల గుండు వేగం ధ్వని వేగానికి దగ్గరగా పడిపోతుంది. ఆ సంధిలో గుండు కొద్దిగా తడబడుతుంది. చల్లటి రోజున ఇంకా ముందే తడబడుతుంది. అంచున నిలబడే తూటా అన్నది ఇందుకే.

ఇక 6 బీఆర్. పొట్టిగా, లావుగా, నిటారు భుజాలతో ఉండే కేసు ఇది. లాపువా, నార్మా వంటి సంస్థల ఇత్తడి కేసులు పెట్టెలోంచి తీయగానే ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. డాషర్ అంటే ఇదే కేసు భుజాన్ని కాల్చి ముందుకు జరిపి, ఇంకొంచెం మందుకు చోటు చేసుకోవడం; ఆ పని కొత్తవాడికి తలనొప్పి, కాబట్టి మొదటి బ్యారెల్‌కు మామూలు 6 బీఆర్ చాలు. దీని ఇబ్బంది ఒక్కటే: తయారు తూటాలు అరుదు, దొరికినా ఖరీదు. మీ అన్నయ్యగారికి ఉద్యోగం, పిల్లల చదువులు, వారాంతాల్లో రెండు గంటల తీరిక, ఇంతే ఉంటే 6.5 క్రీడ్‌మూర్ తీసుకోమనండి. 2007లో హోర్నడీ సంస్థ పోటీల కోసమే తెచ్చిన తూటా అది. మంచి ఫ్యాక్టరీ తూటాలు దొరుకుతాయి, తన్ను ఓర్చుకోదగినది, 140 గ్రెయిన్ల గుండు గాలిలో .308 కంటే స్పష్టంగా మెరుగు.

రైఫిల్ విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను. మొదటి రూపాయి బ్యారెల్ మీద. 28 నుంచి 30 అంగుళాల పొడవు, స్టెయిన్‌లెస్ ఉక్కు, బరువైన గొట్టం. క్రీగర్, బార్ట్‌లైన్, షిలెన్ వంటి పేరున్న తయారీదారుల నుంచి. గొట్టం లోపలి చాళ్లు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో కొనే ముందే అడగాలి. 6 మి.మీ. 105 గ్రెయిన్ల గుండుకైనా, 6.5 మి.మీ. 140 గ్రెయిన్ల గుండుకైనా 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. 14 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న దగ్గరి దూరపు బెంచ్‌రెస్ట్ బ్యారెల్ చవకగా వస్తోందని కొంటే ఈ పొడవాటి గుండ్లు నిలకడ తప్పి కాగితాన్ని అడ్డంగా చింపుతాయి. రెండో రూపాయి గుండ్ల మీద, ఇత్తడి మీద. మూడోది అద్దం మీద. యాక్షన్ (తూటాను లోపలికి పంపి పేల్చే యంత్ర భాగం), స్టాకు (రైఫిల్ పిడి) తరువాత.

పోటీల్లో లైట్ గన్ తరగతిలో రైఫిల్ బరువు 17 పౌండ్లు, అంటే 7.7 కిలోలు, మించకూడదు. హెవీ గన్‌కు బరువు పరిమితి లేదు. మొదటి ఏడాది లైట్ గన్‌తోనే ఉండాలి. కొత్తవాడు అన్నీ విడివిడిగా చేయించుకోవడం కంటే సావేజ్ మోడల్ 12 లాంటి ఫ్యాక్టరీ టార్గెట్ రైఫిల్ కొని, అది అరిగేదాకా కాల్చి, తరువాత మంచి బ్యారెల్ వేయించుకోవడం మేలు. స్టాకు ముందు భాగం వెడల్పుగా, అడుగున చదునుగా, మూడు అంగుళాల దాకా ఉండాలి. గుండ్రటి వేట రైఫిల్ స్టాకు సంచి మీద ఒరుగుతుంది. టెలిస్కోపుకు మీట ఒక్క టిక్కుకు ఎనిమిదో వంతు మినిట్ జరిగితే బాగుంటుంది. మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. వెయ్యి గజాల వద్ద అది 10.47 అంగుళాలు. ఆ దూరానికి పైకి లేపుకోవడానికి టెలిస్కోపును బిగించే పట్టాకు 20 మినిట్ల వాలు ఉండాలి, లేకపోతే మీట తిరిగి తిరిగి ఆగిపోతుంది, గురి ఇంకా కిందనే ఉంటుంది.

తూటాలు కూర్చుకోవడం గురించి ఇక్కడ ఎక్కువ రాయను. అది ఒక అనుభవజ్ఞుడి పక్కన కూర్చొని, గుండు తయారీదారు ప్రచురించిన పట్టికలు ముందు పెట్టుకొని నేర్చుకోవలసిన పని. ఒక్క అంకె మాత్రం గుర్తుంచుకోమనండి: .308తో వెయ్యి గజాల వద్ద గుండు వేగంలో సెకనుకు 10 అడుగుల తేడా ఉంటే కాగితం మీద సుమారు మూడు అంగుళాలు పైకో కిందికో పోతుంది. గ్రూపు అడ్డంగా సాగితే గాలిది తప్పు. నిలువుగా సాగితే మొదట తూటాను, తరువాత సంచిని అనుమానించాలి.

మీ ప్రయాణం విషయం చాలా జాగ్రత్తగా వినండి. గ్రీన్‌కార్డు ఉన్న మీ అన్నయ్యగారు అమెరికా చట్టం ప్రకారం రైఫిల్ కొనవచ్చు. విజిటర్ వీసా మీద వెళ్లే మీ సంగతి వేరు. వలసేతర వీసాల మీద అక్కడ ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. రేంజిలో అన్నగారి రైఫిల్‌ను చేతికి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలకూ ఇదే వర్తిస్తుందని చాలామందికి తెలియదు. దీనికి చట్టంలోనే మినహాయింపు ఉంది: అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే నిషేధం వర్తించదు. మీరు వెళ్లకముందే మీ అన్నయ్యగారి చేత అక్కడి న్యాయవాదిని ఒకరిని అడిగించి, ఆ లైసెన్సు చేతికి వచ్చిన తరువాతనే బల్ల దగ్గర కూర్చోండి. అంతవరకు కాల్చే బల్లల వెనక కూర్చొని, గాలి దిక్కు చూపే జెండాలను చూసి గాలిని రాసుకుంటే చాలు. అది కూడా తక్కువ పనేమీ కాదు.

ఇక ఆ రైఫిల్‌ను ఇక్కడికి తేవడం. 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు లేకుండా రైఫిల్ ఉండడానికి వీల్లేదు. సైన్యం వాడే 7.62 మి.మీ. ప్రొహిబిటెడ్ బోరు (మామూలు పౌరులకు నిషేధించిన కొలత), మీ .308 దానికి పౌర రూపం, కాబట్టి భీమవరం కలెక్టరేటులో సాధారణ లైసెన్సుకు దరఖాస్తు పెట్టి దాన్ని ఆశించే పని లేదు. విదేశాల నుంచి రైఫిల్ దిగుమతి చేసుకొనే వెసులుబాటు ప్రధానంగా పోటీల్లో స్థాయి నిరూపించుకొన్న షూటర్లకు, 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ద్వారా నడిచే వ్యవహారం.

చట్టం ఒప్పుకున్నా నేల ఒప్పుకోదు, ఇది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. పాలకొల్లు నుంచి భీమవరం దాకా మీరు బైకు మీద వెళ్లే దారిని ఒక్కసారి తలచుకోండి. ఎక్కడ చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాలువలు, వరిచేలు. ఒక ఊరి చివరి ఇల్లు దాటీదాటకముందే ఇంకో ఊరి మొదటి ఇల్లు. గుండును ఆపడానికి కొండ లేదు, దిబ్బ లేదు. చిన్న .22 గుండు కూడా ఒకటిన్నర కిలోమీటరు దాటి పోగలదు. పెద్ద రైఫిల్ గుండు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. తక్కువ కోణంలో నీటి మీద పడ్డ గుండు పిల్లలు విసిరే పెంకులా ఎగిరి ఎటో దారి తీస్తుంది. చెరువు గట్టు మీద మేత వేసే మనిషి ఎప్పుడు ఎక్కడ ఉంటాడో మనకు తెలియదు. డెల్టాలో దూరపు రైఫిల్ సాధనకు చోటు లేదు. మామయ్యగారి .315 కూడా ఇందుకే వద్దు. దాని లైసెన్సు ఆయన పేరున ఉన్నది, మీ పేరున కాదు. పైగా అది బరువైన, మొద్దు మూతి గుండుతో దగ్గరి దూరానికి చేసిన రైఫిల్. రెండు వందల గజాలు దాటాక దాని గుండు వేగంగా చతికిలపడుతుంది.

మరి ఏం చేయాలి? .177 బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. ఇది పిల్లల ఆటవస్తువని చిన్నచూపు చూడవద్దు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. మీకు మాత్రం అది వేరే పనికి కావాలి. తేలికైన ఆ పెల్లెట్ 25, 30 మీటర్ల దూరంలో గాలికి ఎంత తేలిగ్గా జరుగుతుందంటే, పెద్ద రైఫిల్ వందల గజాల మీద నేర్పే పాఠాన్ని మీ పెరట్లోనే నేర్పుతుంది. చుట్టూ ప్రహరీ ఉన్న స్థలంలో, పాత గుడ్డలు గట్టిగా కూరిన చెక్కపెట్టె వెనక ఇటుక గోడ ఉండేలా చూసుకోండి. పెంపుడు జంతువులు, పిల్లలు తిరిగే దారి అటు ఉండకూడదు. కదలని బల్ల ఒకటి, వెనక సంచి ఒకటి చాలు. గోదావరి ఇసుకను ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టి, చెప్పులు కుట్టే అతని చేత కుట్టించిన మందపాటి తోలు సంచిలో బిగించి నింపండి. ఊక నింపితే తేలికై కుదురుగా నిలవదు. నిండిన సంచి బొటనవేలితో నొక్కితే లొంగి, వదలగానే ఆ గుంట అలాగే నిలవాలి. అప్పుడు రైఫిల్ అడుగు అందులో తన చోటు తాను చేసుకుంటుంది.

తరువాత రైఫిల్‌కు, కాగితానికి మధ్య రెండు మూడు చోట్ల సన్నటి పుల్లలకు రిబ్బన్లు కట్టండి. కొబ్బరాకుల ఊపును చూసి గాలిని లెక్కపెట్టవద్దు. ముప్పై అడుగుల ఎత్తున ఆకులు ఊగుతున్నప్పుడు నేల మీద గాలి ఇంకో దిక్కుకు పోతూ ఉండవచ్చు. వేసవిలో పొద్దున ఆరింటికి గాలి నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఎండ ముదిరిన కొద్దీ సముద్రం వైపు నుంచి గాలి లేచి సాయంత్రానికి పైరగాలిగా స్థిరపడుతుంది. ప్రతి పెల్లెట్‌కు ముందు రిబ్బను ఎటు ఉందో, పెల్లెట్ ఎటు పడిందో పుస్తకంలో రాయండి. రెండు వందల పెల్లెట్లు అలా రాశాక మీ చేయి చెప్పకుండానే సర్దుకోవడం మొదలుపెడుతుంది.

గాలిని కంటితో చూడడం మన ప్రాంతంవారికి కొత్త విద్య కాదు. నా చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పడవ సరంగులు ముక్తేశ్వరం వైపు చూసి, నీటి మీద నల్లబడి కదిలి వచ్చే మచ్చను బట్టి గాలి విసురు ఎంతసేపట్లో పడవను తాకుతుందో చెప్పేవారు. దాళ్వా చేను పొట్ట మీద ఉన్నప్పుడు గట్టు మీద నిలబడి చూడండి. గాలి అలలు అలలుగా ఒక చివర బయలుదేరి, మధ్యలో చీలి, మీ దాకా రాకుండానే చల్లారిపోవడం కనిపిస్తుంది. వెయ్యి గజాల మైదానంలో జెండాలు చెప్పేదీ ఇదే. ఇక మధ్యాహ్నం ఎండలో పుంత రోడ్డు మీద ఎండమావిని బైనాక్యులర్‌తో గమనించండి. గాలి లేనప్పుడు అది నీటి ఆవిరిలా నిట్టనిలువుగా ఉడుకుతుంది. చిరుగాలికి పక్కకు వాలుతుంది. గాలి పెరిగితే కాలువ పారినట్టు అడ్డంగా పరుగెత్తుతుంది. టెలిస్కోపులో ఇదే దృశ్యం కనిపిస్తుంది, అనుభవజ్ఞులు దాన్ని బట్టే వేలు బిగిస్తారు. అది నిట్టనిలువుగా ఉడుకుతున్నప్పుడు కాల్చకండి; గాలి దిక్కు మార్చుకొనే క్షణం తరచుగా అదే.

మన తడి గాలి వల్ల పెల్లెట్ బరువెక్కి కింద పడుతుందని ఎవరైనా చెబితే పట్టించుకోవద్దు. నీటి ఆవిరి పొడి గాలి కంటే తేలిక; తేడా కూడా స్వల్పం. తడి గాలి చేసే హాని ఉక్కుకే. ఆషాఢంలో ఒక్క రాత్రి తుడవకుండా వదిలితే, పట్టుకున్న చోట మీ వేలిముద్ర గీతలు గీతలుగా ఎర్రటి తుప్పై తెల్లవారేసరికి కనిపిస్తుంది. కాల్చిన ప్రతిసారీ తుపాకి నూనె తడిపిన గుడ్డతో పైన తుడవండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం రాయవద్దు. చలికాలంలో పేరుకొని ట్రిగ్గర్‌లో జిగురై కూర్చుంటుంది.

ఏడాది తరువాత మీకు ఆసక్తి నిలిచి ఉంటే రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకొని, అనుమతి ఉన్న రేంజిలో .22తో 50 మీటర్లకు రండి. అక్కడ పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు; గంటకు 5 మైళ్ల అడ్డగాలి .22 గుండును దానికంటే ఎక్కువే తోస్తుంది. రిబ్బన్ల పుస్తకం అప్పుడు మీ చేతిలో ఉంటే మీతో పాటు చేరినవారి కంటే చాలా ముందుంటారు.

చివరిగా, మీ తిరుగు ప్రయాణం. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే విమానానికి తేవద్దు. సంచి మడతలో మిగిలిన ఒక్క తూటా ఇక్కడి విమానాశ్రయంలో స్కానర్‌కు చిక్కితే ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది; జ్ఞాపకంగా తెచ్చుకున్న ఖాళీ కేసు కూడా గంటల కొద్దీ సంజాయిషీ చెప్పిస్తుంది. బయలుదేరే ముందురోజు రాత్రి చొక్కా జేబులు, బూట్లు, బ్యాగు జిప్పులు అన్నీ తిరగేసి దులిపి, మీ అన్నయ్యగారి చేత కూడా ఒకసారి చూపించి, ఆ తరువాతనే పెట్టె మూయండి.